మహమ్మారి కాలాల్లో మన ఇళ్ళు: మశూచి నుంచి కరోనా దాకా

ఆదివాసీ చరిత్ర అనగానే మనకు పితూరీలు, పోరాటాలు గుర్తుకొస్తాయి. 1879 నాటి రంప పితూరీ, 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరత్వం. వీటిని మా హాస్టల్ పిల్లలకు ఏటా చెబుతూనే ఉంటాం. కానీ తుపాకులు రాని గూడేలకు కూడా రోగాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఇంటిని కాపాడుకున్న తల్లులది, అవ్వలది, తాతలది కూడా ఒక పోరాటమే. దాన్ని మనం పాఠంగా చెప్పుకోలేదు. యువతరం కోసం ఇక్కడ చెప్పుకుందాం.

ముందు మశూచి సంగతి. పెద్దవాళ్ళు ఆ పేరు కూడా పలికేవారు కాదు, 'అమ్మవారు పోసింది' అనేవారు. దాని తీవ్ర రూపం సోకితే పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికినవాళ్ళకు ముఖం నిండా మచ్చలు, కొందరికి చూపు కూడా పోయేది. అప్పుడు ఇంట్లో ఏం చేసేవారు? గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట్లోకి బయటివాళ్ళు రాకూడదని దాని గుర్తు. తాలింపులు, చుట్టాల రాకపోకలు బంద్. రోగికి చలవ చేసే జావ, మంచినీళ్ళు. రోగం ముదిరితే ఊరు కట్టేవారు. అంటే పొలిమేర దాటి ఎవరూ రాకుండా, పోకుండా చూసేవారు. కొన్నిచోట్ల గూడెం విడిచి అడవిలో పాకలు వేసుకునేవారని పెద్దలు చెబుతారు. ఇది భక్తితో చేసినా, భయంతో చేసినా, రోగిని వేరుగా ఉంచడం, దారి మూయడం అనే పద్ధతి మాత్రం సరైనదే.

వాళ్ళ దగ్గర లేనిది టీకా. ఇంగ్లండులో జెన్నర్ 1796లో కనిపెట్టిన టీకా 1802కే బొంబాయికి వచ్చింది. కొండలెక్కడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా టీకాలు వేసేవాళ్ళను చూసి పిల్లల్ని దాచిన ఇళ్ళున్నాయి, అమ్మవారికి కోపం వస్తుందని. 1973 నుంచి ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన బిడ్డ బొమ్మ చేతపట్టుకుని దేశమంతా ఇంటింటికీ తిరిగారు. రోగి దొరికిన ఇంటికి కాపలా పెట్టి, చుట్టుపక్కల అందరికీ టీకాలు వేశారు. గమనించారా? మన పెద్దల ఊరుకట్టుకు టీకా తోడైంది, అంతే. 1975 మే తరువాత మన దేశంలో మశూచి లేదు. 1980 మే 8న ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మీ తాతల, అవ్వల చేతిమీద గుండ్రని మచ్చ ఉంటే అడిగి చూడండి, ఆ కథ చెబుతారు.

రెండోది 1918 నాటి విషజ్వరం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఓడల మీద బొంబాయి రేవుకు వచ్చి, రైళ్ళ వెంట దేశమంతా పాకింది. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. తిండి లేని ఒంటికి జ్వరం తోడైంది. ఒక్క మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారని అంచనా. ఇప్పటి సరిహద్దుల లెక్కన 1911లో 25 కోట్ల 20 లక్షలున్న జనం, 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలయ్యారు. జనాభా లెక్కలు మొదలయ్యాక మన దేశ జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

ఆ జ్వరం ముసలివాళ్ళను, పసిపిల్లలను మాత్రమే తీసుకుపోలేదు. ఇరవై నుంచి నలభై ఏళ్ళ వయసున్న, ఇల్లు నడిపే మనుషులను ఎక్కువగా తీసుకుపోయింది. మన దేశంలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువగా పోయారు. ఇంట్లో అందరికీ సేవ చేసేది వాళ్ళే, అందరూ తిన్నాక మిగిలింది తినేదీ వాళ్ళే. మందూ లేదు, టీకా లేదు. జావ కాచి, నీళ్ళు తాగించే చెయ్యే మందు. ఆ చెయ్యి పడిపోతే ఇల్లంతా పడిపోయేది. కుటుంబ ఆరోగ్యం గురించి 1918 చెప్పే పెద్ద పాఠం ఇదే: సేవ చేసే మనిషిని ముందు కాపాడుకోవాలి.

ఈ రెంటి నడుమ మన్యం జ్వరం ఎప్పుడూ ఉంది. రంప పితూరీని అణచడానికి కొండలెక్కిన సైన్యం కూడా జ్వరాలతో నానా అవస్థలు పడింది. కొండగాలి వల్ల, కొండనీళ్ళ వల్ల వస్తుందనుకున్న ఆ మలేరియాకు కారణం దోమేనని రోనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. కారణం తెలిశాకే దోమతెరకు అర్థం వచ్చింది.

ఇక కరోనా మనం కళ్ళారా చూసినదే. 2020 మార్చిలో హాస్టళ్ళు మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపాం. సంతలు ఆగిపోయాయి. ఎన్నో గూడేలవాళ్ళు దారికి అడ్డంగా దుంగలు, ముళ్ళకంపలు వేశారు. బస్తర్ వైపు ఆదివాసులు ఆకులతో మాస్కులు కుట్టుకున్నారు. 2021లో రెండో విడత వచ్చినప్పుడు నల్గొండ జిల్లాలో ఒక తండా విద్యార్థి, ఒంటిగది ఇంట్లో తనవాళ్ళకు అంటకూడదని చెట్టుమీద మంచె కట్టుకుని పదకొండు రోజులున్నాడు. ఇవన్నీ పాత ఊరుకట్టు తెలివే. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. మళ్ళీ పాత భయం కూడా వచ్చింది. సూది వేస్తే చచ్చిపోతారన్న మాట ఈసారి సెల్‌ఫోన్లో వచ్చింది. అప్పుడు చాలా ఇళ్ళలో అమ్మానాన్నల భయం పోగొట్టింది డాక్టరు కాదు, హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిన కూతురో కొడుకో. తమ భాషలో చెప్పారు కాబట్టి నమ్మారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందుకే ఇదంతా మీకు చెబుతున్నాం. మహమ్మారి మళ్ళీ వస్తే ఇంట్లో మొదటి ఆరోగ్య కార్యకర్త మీరే. జ్వరాన్ని దాచనివ్వకండి, మొదటి రోజే ఆశా కార్యకర్తకు చెప్పండి. రోగికి వేరే చోటు లేకపోతే పొలంలో పాక ఉంది, వసారా ఉంది. ఒంటరిగా మాత్రం వదలకండి, దూరం నుంచైనా పలకరిస్తూ ఉండండి. రాగి అంబలి, కాచి చల్లార్చిన నీళ్ళు, విరేచనాలైతే ఓఆర్ఎస్ ఇవ్వండి. ఆయాసం వస్తే ఇంట్లో ఆగవద్దు, డోలీ కట్టయినా ఆసుపత్రికి చేర్చండి. అమ్మ ఒక్కతే సేవ చేయకూడదు, మగపిల్లలూ వంతు తీసుకోవాలి. ఆమె కూడా వేళకు తినాలి, నిద్రపోవాలి. దిసారిని, నాటువైద్యుణ్ణి వెక్కిరించకండి. ఊరు ఆయన మాట వింటుంది. 'ఆసుపత్రికి కూడా పొండి' అని ఆయన నోట వచ్చేలా చూడండి.

మరో పని కూడా ఉంది. 1918లో మన గూడేల్లో పోయినవాళ్ళ పేర్లను మనం రాసిపెట్టుకోలేదు. కరోనాలో పోయినవాళ్ళ పేర్లు మీకు తెలుసు. ఎవరు ఎలా జబ్బుపడ్డారు, ఎవరు సేవ చేశారు, ఏ మందు పనిచేసింది, ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరారు, అన్నీ పెద్దల్ని అడిగి ఒక నోట్‌బుక్కులో రాయండి. రేపటి పిల్లలకు అది చరిత్ర పాఠమవుతుంది, ఇల్లు కాపాడుకునే దారీ అవుతుంది.