నల్ల ఇసుక, తెల్ల పెయింటు, కంప్యూటర్ లెక్క

కవిటి నుంచి కొబ్బరి తోటల్లోంచి తూర్పుకు వెళ్తే సముద్రం. శ్రీకాకుళం తీరం ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలుంటాయి. ఆ నలుపు చాలావరకు ఇల్మనైట్‌ది: ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. దాన్నుంచి తీసే టైటానియం డయాక్సైడే గోడలకేసే తెల్ల పెయింటుకు తెలుపునిస్తుంది. నలుపైనా తెలుపైనా లోపలి ఎలక్ట్రాన్ల అమరికను బట్టే.

ఆ అమరికను లెక్కగట్టే సూత్రం 1926లోనే వచ్చింది, ష్రోడింగర్ సమీకరణం. లెక్కే తెమలలేదు. ఇల్మనైట్ ఒక్క ఫార్ములాలో 72 ఎలక్ట్రాన్లు. ఒక్కోదాని చోటు చెప్పడానికి మూడేసి చొప్పున 216 చలరాశులు. ఒక్కోదానికి పదేసి విలువలే తీసుకున్నా, ఒకటి పక్కన 216 సున్నాలన్ని అంకెలు. వాటిని దాచే కంప్యూటర్ ఎప్పటికీ రాదు. 1933లో భౌతికవేత్తలు విగ్నర్, సైట్జ్ ఈ లెక్కను సోడియంతో మొదలుపెట్టారంటే ఆశ్చర్యం లేదు: పరమాణువుకు పట్టించుకోవలసిన ఎలక్ట్రాన్ ఒక్కటే.

1964లో వాల్టర్ కోన్, పియరీ హోహెన్‌బర్గ్ దారి మార్చారు. ఎలక్ట్రాన్లను విడివిడిగా వెంబడించక్కర్లేదు, ఏ చోట ఎంత దట్టంగా ఉన్నాయో తెలిస్తే చాలని నిరూపించారు. 216 పోయి మూడు మిగిలాయి! మరుసటేడు కోన్, లూ షామ్ దాన్ని చేయదగ్గ లెక్కగా మలిచారు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే తీరు మాత్రం ఉజ్జాయింపుగానే ఉండిపోయింది. కోన్‌కు 1998లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన వియన్నా యూదుడు. కుర్రతనంలో నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరాడు, తల్లిదండ్రులు ఆష్విట్జ్‌లో హతమయ్యారు. ఆయన పద్ధతితో లెక్కలు చేసే పేరున్న ప్రోగ్రాములు వాస్ప్, వీన్2కె రెండూ ఆ వియన్నాలోనే పుట్టాయి.

ఉజ్జాయింపు ఎక్కడ దెబ్బతీస్తుందో మన తెల్ల పెయింటే చూపిస్తుంది. ఆ ఉజ్జాయింపుకు 1996లో వచ్చిన పీబీఈ సూత్రం టైటానియం డయాక్సైడ్‌లో పరమాణువుల మధ్య దూరాలను ఒకటి రెండు శాతం తేడాతో పట్టేస్తుంది. ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగరడానికి కావలసిన శక్తిని మాత్రం సుమారు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులంటుంది, కొలిస్తే 3.0. లెక్కే నిజమైతే అది నీలం, ఆకుపచ్చ వెలుగులను మింగేసి, గోడలు ముదురెరుపులో ఉండాలి.

అందుకే ఎలక్ట్రాన్ ఎగరాల్సిన ఆ శక్తి అంతరం దగ్గర పీబీఈని ఎవరూ గుడ్డిగా నమ్మరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, డీఆర్‌డీవో సాయంతో నడిచిన కేంద్రంలో, ఫాక్స్-7 అనే పేలుడు పదార్థపు స్ఫటికాన్ని లెక్కించినప్పుడు కూడా, ఆ ఒక్క అంకె కోసం హెడిన్ 1965లో ప్రతిపాదించిన జీడబ్ల్యూ పద్ధతికి వెళ్ళారు. కంప్యూటర్‌కు దాంతో పని ఎన్నో రెట్లు.