ఇంకొక్క ఓవర్

2023 నవంబర్ 19, ఆదివారం. పొద్దుగూకింది. తెల్లారితే సోమవారం కదా, ఉరుకుంద ఈరన్న దర్శనానికి ముందురోజే వచ్చినవాళ్లు సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని హోటల్ టీవీ ముందు ఒరుసుకుని కూర్చున్నారు. వెనక బల్ల మీద మీకూ కాస్త చోటు దొరికింది. అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియాతో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, మనవాళ్లు చేసింది 240. చాలదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

బుమ్రా బంతి స్మిత్ ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ వేలు లేచింది. 47కి మూడు! వీధంతా కేకలు. ఎవరి చేతిలోంచో ఉగ్గాని పొట్లం జారిపడింది. మీ పక్కనున్న పెద్దాయన ఎగిరి గంతేసి కూర్చున్నాడు. మెడ పక్కన నరం టకటకా కొట్టుకుంటోంది. నుదుటి నిండా చెమట.

కేక వేసిన ఆ క్షణాన ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, బీపీ ఎగబాకుతుంది. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర ఆ ఒత్తిడికి చిట్లిందా, అక్కడే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో, మ్యూనిక్ ప్రాంతంలో గుండె అత్యవసర కేసులు మామూలు కంటే 2.66 రెట్లు వచ్చాయి. మగవాళ్లలో మూడు రెట్లకు పైనే. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ.

హెడ్, లబుషేన్ పాతుకుపోయారు. పెద్దాయన చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

"ఏం పెద్దాయనా, నొప్పా?"

"గ్యాసులే నాయనా."

"బీపీ మాత్ర వేసుకున్నావా?"

"బస్సు తొందరలో మర్చిపోయినా. ఇంకొక్క ఓవరు చూసి పోదాంలే."

నన్ను భయపెట్టేది ఈ ఒక్క ఓవరే. హెడ్ 137 కొట్టాడు, ఆస్ట్రేలియా ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ రాత్రే తిరుపతి జిల్లాలో మ్యాచ్ చూస్తూ ఒక యువకుడు గుండెపోటుతో చనిపోయాడని పత్రికలు రాశాయి.

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు. ఉరుకుంద నుంచి ముందు ఆదోని చేరాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత గుండె కండరం మిగులుతుంది. మ్యాచ్ రోజు మాత్ర మానొద్దు. ఛాతీ నొప్పితో చెమట పట్టిందంటే స్కోరు చూస్తూ కూర్చోవద్దు, బైక్ మీద బయల్దేరొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.