గోగునార: చెరువులో జరిగిన పని

మనలో చాలామందికి పుస్తకాలు, ఫీజులు గోగునార అమ్మిన డబ్బుతోనే వచ్చాయి. ఆ నార కథే ఇది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల గోగునార ఒకప్పుడు భీమునిపట్నం రేవు మీదుగా ఎగుమతయ్యేది. అందుకే వ్యాపారంలో దానికి ‘బిమ్లి జూట్’ అనే పేరు వచ్చింది. నెల్లిమర్ల, చిట్టివలసల్లో జూట్ మిల్లులు వెలిశాయి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ పంటలో మేలైన రకాలను రూపొందించింది.

అయితే నార నాణ్యత తేలేది చెరువులోనే. కోసిన కట్టలను రెండు మూడు వారాలు నీళ్లలో ఊరవేసేవారు. నాన్న రోజూ చెరువులో దిగి, ఒక కర్ర లాగి బెరడు ఒలిచి చూసేవారు. 1985లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆయనకు జ్వరం వచ్చి ఆ పని నాకు అప్పగించారు. ఆటల్లో పడి నాలుగు రోజులు జాగు చేశాను. నార నల్లబడి, లాగితే తెగిపోయింది. సగం ధర కూడా రాలేదు. నాన్న ఒక్క మాట అనలేదు. మరుసటి జూన్‌లో కాలేజీలో చేరాల్సిన అక్క ఇంట్లోనే ఉండిపోయింది.

ఏం జరిగిందో ఇంజనీరునయ్యాక చదివి తెలుసుకున్నాను. నారపోగులను కలిపి ఉంచే జిగురు పెక్టిన్. నీటిలోని బాక్టీరియా ఎంజైములు ముందు దాన్ని కరిగిస్తాయి. అక్కడ ఆపితే మంచి నార. ఆపకపోతే పోగులోని సెల్యులోజు వంతు వస్తుంది. అదీ చక్కెర గొలుసే గానీ, గొలుసులు ఒత్తుగా పేర్చి ఉండడంతో నీటిలో కరగదు. కరగనిది ఎంజైము దగ్గరకు రాదు, ఎంజైమే వెళ్లి పట్టుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు బట్టలు కుళ్లిపోయాయి. కారణం వెతికితే ట్రైకోడెర్మా అనే బూజు దొరికింది. మా నార పాడైన మరుసటి ఏడాదే, 1986లో, శాస్త్రవేత్తలు దాని ఎంజైమునొకదాన్ని రెండు ముక్కలు చేసి చూశారు. కోసే ముక్క ఒక్కటే ఉంటే, కరిగే చిన్న అణువులను కోసింది గానీ గట్టి సెల్యులోజు మీద దాని బలం బాగా తగ్గిపోయింది. పట్టుకోవడానికి వేరే చిన్న భాగం ఉందని అలా తేలింది.

జిగురు ఉన్నంతకాలం పోగుకు కాపలా. అది పోయాక పోగు ఎంజైముకు అందుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది రోజుల గడువును నాన్న వేళ్లతోనే కనిపెట్టేవారు.

ప్లాస్టిక్ సంచులొచ్చాక మన వైపు గోగు సాగు బాగా తగ్గింది. చెరువు గట్టున నిలబడి నార చూడడం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరైనా వాళ్లను అడిగి రాసిపెడితే బాగుండును. ఈ నాలుగు మాటలూ మా అక్కకు.