మా ఎగ్మూరులో ఒక లార్డు పేరు

పాంథియన్ రోడ్డులో మా మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయానికి వచ్చేపోయేవాళ్ళలో ఈ కన్నెమరా ఎవరని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఇంకా తక్కువ.

అసలు పేరు రాబర్ట్ బర్క్. ఐర్లండులో మేయో ప్రభువుల ఇంట మూడో కొడుకు. ఆస్తీ బిరుదూ పెద్దకొడుక్కే పోయే ఇళ్ళవి. తక్కినవాళ్ళు తమ దారి తాము చూసుకోవాలి. ఈయన ముందు బారిస్టరయ్యారు. 1868 నుంచి 1886 దాకా కింగ్స్ లిన్ తరఫున కన్సర్వేటివ్ పార్లమెంటు సభ్యుడు. డిజ్రేలీ హయాంలో విదేశాంగ శాఖ ఉపమంత్రి. అంతకుమించి ఎదగలేదు. చుట్టరికాలు మాత్రం ఘనమైనవి: 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి మేయో ఈయన అన్న. వారసులు లేరని సంస్థానాలు కలిపేసుకున్న డల్హౌసీ ఈయనకు పిల్లనిచ్చిన మామ.

1886 చివర్లో మద్రాసు గవర్నరుగా వచ్చారు, మరుసటేడు లార్డు కన్నెమరా అయ్యారు. 1889లో గంజాం జిల్లాలో కరువొస్తే స్వయంగా వెళ్ళి చూశారు. నేటి శ్రీకాకుళం అప్పట్లో ఆ జిల్లాలోదే. నన్నడిగితే ఆయన నాలుగేళ్ళ పాలనలో గుర్తుంచుకోదగ్గది ఆ ప్రయాణమే. ఊరు గుర్తుంచుకున్నది వేరు. భార్య లేడీ సుసాన్ ఆయన మీద అలిగి గవర్నరు బంగళా వదిలి హోటల్లో దిగిందనీ, బిన్నీ రోడ్డు హోటలుకు అందుకే కన్నెమరా అన్న పేరనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. హోటలు కథ ఎంత నిజమో గానీ 1890లో ఆమె విడాకులు పుచ్చుకున్నది నిజం. ఆ ఏడాది చివర్లోనే ఆయన పదవి వదిలి వెళ్ళిపోయారు.

గ్రంథాలయానికి ఆయన చేసింది 1890 మార్చిలో పునాదిరాయి వేయడం. తలుపులు తెరిచింది 1896 డిసెంబరులో, మరో గవర్నరు కాలంలో. నమూనా హెన్రీ ఇర్విన్‌ది, కట్టించింది మన తెలుగు కోమటి తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. పాత హాల్లో తలెత్తితే కమానుల మీద ఆకులూ పూలూ, పైన రంగుటద్దాలూ, కింద టేకు బీరువాలూ కనిపిస్తాయి. రాయి వేసినవారి పేరు గోడ మీదుంది. కట్టినవారి పేరు తెలిసిన పాఠకుడు నాకింకా తగల్లేదు.

1902లో కన్నెమరా పోయారు. వారసులు లేక బిరుదూ ఆయనతోనే పోయింది.

తెలుగులో పుస్తకాలు వేసేవారికి ఒక్క మాట. 1954 చట్టం ప్రకారం ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి ఇక్కడికి రావాలి. దయచేసి పంపండి.