దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జులై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘసేవిక, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. ఎనిమిదవ యేట వివాహమై, బడి చదువు మధ్యలోనే విడిచిపెట్టిన ఈ బాలిక తరువాతి కాలంలో దేశంలోని స్త్రీవిద్యా విధానాన్ని నిర్దేశించిన సంఘానికి అధ్యక్షత వహించింది. తనకు ఎదురైన ప్రతి అడ్డంకిని ఇతర స్త్రీలకు ఉపయోగపడే ఒక సంస్థగానో, ఒక పథకంగానో మలచడం ఆమె జీవితంలో అడుగడుగునా కనిపిస్తుంది.

== బాల్యం, వివాహం ==

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. తండ్రి సేవాభావం కలవాడు. ఆయన ప్రభావం ఆమెపై బలంగా పడింది. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదవ యేట సుబ్బారావు అనే బంధువుతో ఆమెకు వివాహం జరిపించారు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1929లో గాని రాలేదు. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె కాపురానికి వెళ్లడానికి నిరాకరించింది. ఈ నిర్ణయాన్ని తండ్రి, సోదరుడు సమర్థించారు. భర్త ఇల్లే స్త్రీకి గతి అని భావించే కాలంలో పుట్టింటివారి ఈ అండ లేకపోతే ఆమె తరువాతి జీవితం సాధ్యమయ్యేది కాదు.

ఆంగ్ల మాధ్యమంలో బోధనను నిరసిస్తూ ఆమె పన్నెండవ యేట బడి మానివేసింది. సొంతంగా హిందీ నేర్చుకుని, బాలికల కోసం ఒక హిందీ పాఠశాలను ప్రారంభించి, తానే బోధించింది.

== కాకినాడలో గాంధీ, నెహ్రూ ==

1921లో గాంధీ కాకినాడకు వచ్చే సందర్భంలో, దేవదాసీలను, బురఖా ధరించే ముస్లిం స్త్రీలను ఆయనతో మాట్లాడించాలని దుర్గాబాయి సంకల్పించింది. ఆయన సమయం కావాలంటే ఐదు వేల రూపాయల నిధి సమర్పించాలని నిర్వాహకులు షరతు పెట్టారు. దేవదాసీల సాయంతో ఆ మొత్తం సమకూర్చింది. సభలో స్త్రీలు తమ నగలు కూడా సమర్పించారు. గాంధీ హిందీలో చేసిన ప్రసంగాన్ని ఆమె తెలుగులోకి అనువదించింది. ఆ అనువాదం నచ్చి, ఆ తరువాతి సభలో కూడా ఆమె చేతనే గాంధీ అనువాదం చేయించాడు. సమాజం వెలివేసిన స్త్రీలను సభకు రప్పించిన ఆ బాలిక వయసు అప్పటికి పన్నెండేళ్లు మించలేదు. దేవదాసీ దురాచారాన్ని నిషేధించే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది.

1923లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా పనిచేసింది. సభతో పాటు ఏర్పాటైన ప్రదర్శన ద్వారం వద్ద టిక్కెట్టు లేనివారిని లోనికి పంపకపోవడం ఆమె విధి. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను కూడా ఆపివేసింది. నిర్వాహకులు మందలించగా, తనకు అప్పగించిన పనినే చేశానని బదులు చెప్పింది. వారు టిక్కెట్టు కొన్న తరువాతనే నెహ్రూను లోనికి వెళ్లనిచ్చింది. నెహ్రూ ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకున్నాడు.

== ఉప్పు సత్యాగ్రహం, జైలు జీవితం ==

1930లో మద్రాసులో జరిగిన ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి ముందు నిలిచింది. 1930 - 1933 మధ్య మూడు పర్యాయాలు జైలుకు వెళ్లింది. వెల్లూరు, మదురై జైళ్లలో శిక్ష అనుభవించింది. మదురైలో ఆమెను ఏకాంత నిర్బంధంలో ఉంచారు.

జైలులో ఆమెకు హత్య వంటి నేరాలపై శిక్ష అనుభవిస్తున్న స్త్రీలు తారసపడ్డారు. వారిలో చాలామంది నిరక్షరాస్యులు. తమపై మోపిన అభియోగం ఏమిటో, తాము ఏమి ఒప్పుకున్నారో కూడా తెలియని స్థితి వారిది. ఇటువంటి స్త్రీల పక్షాన వాదించాలంటే న్యాయశాస్త్రం చదవాలని ఆమె నిశ్చయించుకుంది. విడుదలైన తరువాత ప్రత్యక్ష ఉద్యమానికి దూరంగా ఉండి, చదువు ప్రారంభించింది.

== ఉన్నత విద్య ==

బడి మానిన ఆమెకు ప్రైవేటుగా పరీక్షకు కూర్చునే మార్గం బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా లభించింది. అక్కడి మెట్రిక్యులేషను పూర్తిచేసి, తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో రాజనీతి శాస్త్రం చదివింది. ప్రవేశం కోరినపుడు, స్త్రీలకు వసతి గృహం లేదన్న ఆటంకం ఎదురైంది. కట్టమంచి రామలింగారెడ్డి అప్పటి ఉపాధ్యక్షుడు. వాల్తేరులో చదవగోరే స్త్రీలు తనతో కలవాలని ఆమె పత్రికా ప్రకటన ఇచ్చి, వచ్చిన విద్యార్థినులతో కలిసి వసతి గృహం నడిపింది. ఆ విధంగా ఆమెతో పాటు మరికొందరికి కూడా ఉన్నత విద్యకు దారి దొరికింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టింది.

== ఆంధ్ర మహిళా సభ ==

1937లో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను, వితంతువులను, భర్తలు విడిచిపెట్టినవారిని చేరదీసి, తక్కువ వ్యవధిలో బనారస్ మెట్రిక్యులేషనుకు సిద్ధం చేయడం సభ తొలి కార్యక్రమాలలో ముఖ్యమైనది. తాను నడిచిన దారినే ఇతరులకు చూపడం ఇందులోని విశేషం. చదువుతో పాటు చేతిపనులు, వైద్యసహాయ శిక్షణ కూడా సభ చేపట్టింది. సభ పక్షాన "ఆంధ్రమహిళ" పత్రిక వెలువడింది. తరువాతి కాలంలో సభ కార్యకలాపాలు హైదరాబాదుకు విస్తరించి, అక్కడ కళాశాలలు, ఆసుపత్రి ఏర్పడ్డాయి.

== రాజ్యాంగ సభ ==

1946లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. ఆ సభలోని పదిహేనుమంది స్త్రీలలో ఆమె ఒకరు; సభాపతి స్థానంలో వ్యవహరించే అధ్యక్షవర్గంలో ఏకైక మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుండి 30 సంవత్సరాలకు తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది. భాష విషయంలో ఆమె వైఖరి గమనింపదగినది. బాల్యం నుండి హిందీని ప్రచారం చేసిన ఆమె, హిందుస్తానీని సమర్థిస్తూనే, హిందీయేతర ప్రాంతాలపై హిందీని బలవంతంగా రుద్దడం దానికి వ్యతిరేకతను పెంచుతుందని హెచ్చరించింది. హిందూ స్త్రీల ఆస్తిహక్కు కోసం, హిందూ కోడ్ బిల్లు కోసం వాదించింది.

== సంక్షేమ మండలి, స్త్రీవిద్య ==

1952 లోక్‌సభ ఎన్నికలలో ఓడిపోయింది. ఆ తరువాత ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమితురాలైంది. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకుంది. ప్రధాని నెహ్రూ ఈ వివాహానికి ఒక సాక్షి.

1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి స్త్రీలు, పిల్లలు, వికలాంగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనసహాయం అందించే వ్యవస్థ. ఉత్తర్వులు జారీ చేయడం కంటే, ఉన్న సంస్థలకు బలం చేకూర్చడమే మేలన్నది దీని మూలసూత్రం. చదువు ఆగిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా తరగతులను మండలి 1958లో ప్రారంభించింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ చేసిన ప్రయత్నమే ఇందులో దేశవ్యాప్త రూపం పొందింది.

1958లో ఏర్పాటైన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. బాలుర, బాలికల విద్య మధ్య గల అంతరాన్ని త్వరగా తగ్గించాలని, అందుకు ప్రత్యేక యంత్రాంగం ఉండాలని సంఘం 1959లో సిఫారసు చేసింది. చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించిన ఆమె అటువంటివి మన దేశంలోనూ ఉండాలని కోరింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం ఆమె మరణించిన మూడేళ్లకు, 1984లో వచ్చింది.

== గుర్తింపు, స్మృతి ==

1975లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ పురస్కారం ఇచ్చింది. ఆమె ఆంగ్లంలో వ్రాసిన స్వీయచరిత్ర పేరు "చింతామణ్ అండ్ ఐ". ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. ఢిల్లీ మెట్రోలో 2018లో ప్రారంభమైన ఒక స్టేషనుకు కూడా ఆమె పేరే ఉంది.