చార్లెస్ బ్రాడ్లా పార్లమెంటు ప్రస్థానం : ప్రమాణ వివాదం

ప్రజలు ఎన్నుకొన్న సభ్యుని నిరాకరించే అధికారం సభకు ఉన్నదా? చార్లెస్ బ్రాడ్లా (1833-1891) రాజకీయ జీవితం ఈ ప్రశ్న చుట్టూ నడిచింది. లండన్‌లోని పేద కుటుంబంలో జన్మించిన ఆయన సైనికుడిగా, న్యాయవాది గుమాస్తాగా పనిచేశాడు. 1866లో నేషనల్ సెక్యులర్ సొసైటీని స్థాపించాడు. నార్తాంప్టన్ స్థానానికి 1868లోను, 1874లోను పోటీచేసి ఓడి, 1880లో గెలిచాడు.

నాస్తికుడైన బ్రాడ్లా దైవప్రమాణానికి బదులు ధ్రువీకరణ చేస్తానన్నాడు. అందుకు అభ్యంతరం వచ్చింది. ప్రమాణమే చేస్తానన్నాడు, విశ్వాసం లేనివాని ప్రమాణం చెల్లదన్నారు. 1880 జూన్‌లో సభ రెండింటినీ నిషేధిస్తూ తీర్మానించి, ఆయనను ఒక రాత్రి క్లాక్ టవర్‌లో నిర్బంధించింది. అయినా ఓటర్లు 1881, 1882, 1884 ఉపఎన్నికలలో ఆయననే గెలిపించారు. సభ నిషేధానికి నియోజకవర్గం ఇచ్చిన సమాధానమిది. చివరకు 1886లో స్పీకర్ పీల్ అభ్యంతరాలను తోసిపుచ్చి ప్రమాణానికి అనుమతించాడు.

బ్రాడ్లా తన విజయాన్ని వ్యక్తిగతంగా మిగల్చుకోలేదు. ఆయన కృషితో వచ్చిన 1888 ప్రమాణాల చట్టం ధ్రువీకరణను హక్కుగా మార్చింది. 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు హాజరై, మరుసటి ఏడాది భారత శాసనమండళ్ల సంస్కరణకు కామన్స్ సభలో బిల్లు ప్రవేశపెట్టాడు. ప్రాతినిధ్యపు విలువను స్వానుభవంతో ఎరిగినవాడు, అది లేని ప్రజల పక్షాన నిలవడం సహజపరిణామమే.

1891 జనవరిలో సభ తన 1880 నాటి తీర్మానాన్ని రికార్డులనుంచి తొలగించింది. అప్పటికి బ్రాడ్లా మరణశయ్యపై ఉన్నాడు.