పుదుచ్చేరి శుక్రవారాలు: ఆ రెండు గంటలు ఎవరివి?

2023 ఏప్రిల్ చివర్లో పుదుచ్చేరి ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు ఒక వెసులుబాటు ప్రకటించింది. నెలలో మూడు శుక్రవారాలు ఉదయం పూట వారు రెండు గంటలు ఆలస్యంగా ఆఫీసుకు రావచ్చు. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్, ముఖ్యమంత్రి ఎన్. రంగస్వామి హయాంలో వచ్చిన నిర్ణయమిది. తమిళిసై అప్పుడు తెలంగాణ గవర్నర్ కూడా. గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు యానాం కూడా ఆ ప్రభుత్వం కిందిదే. అందుకే ఈ ముచ్చట మనకు మరీ దూరమైనదేమీ కాదు.

శుక్రవారమే ఎందుకంటే పూజ కోసం. ఆ రోజు ఇల్లు కడిగి, దీపం పెట్టి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి ఆఫీసుకు పరుగెత్తడం కష్టమన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు, తలంటు. తెలుగు ఇళ్లలోనూ శుక్రవారం పొద్దుటి పని ఇదే కాబట్టి, ఆ కష్టం బూటకమని ఎవరూ అనలేరు.

ముందుగా ఒక తేడా గమనించాలి. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య సమతూకం కోసం చెప్పే ఉపాయాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పనివేళల్లో వెసులుబాటు, రెండోది దూరం నుంచి పని. ఐటీ ఉద్యోగికి రెండోది తెలిసిందే. కరోనా తర్వాత ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని సంస్థలకు ఇంటి నుంచి పని చేయించుకునే అనుమతినిస్తూ 2022 జులైలో కేంద్ర వాణిజ్య శాఖ 43ఏ నిబంధన తెచ్చింది. రెవెన్యూ ఆఫీసు కౌంటర్‌లో కూర్చునే గుమస్తాకు, ఆస్పత్రి నర్సుకు ఆ దారి లేదు. ఎదుట జనం నిలబడి ఉండే పని ఇంటికి రాదు. వారికి మిగిలేది వేళల సడలింపే. ఆ రకంగా చూస్తే పుదుచ్చేరి సరైన చోటే చెయ్యి వేసింది.

ఈ సడలింపు కొత్త ఆలోచనేమీ కాదు. 1967లో జర్మనీలో మ్యూనిక్ సమీపంలోని ఒక విమాన సంస్థ ఉద్యోగులకు వచ్చే, వెళ్లే వేళలు ఎంచుకునే వీలిచ్చింది. అందరూ ఒకే సమయానికి రావడంతో రోడ్లు కిక్కిరిసిపోవడం అందుకు ఒక కారణం. మధ్యాహ్నం అటూ ఇటూ కొన్ని గంటలు అందరూ ఉండాలి, మిగతా గంటలు ఎవరి వీలును బట్టి వారు సర్దుకోవాలి. అందులో ఉద్యోగి ఆ సమయాన్ని దేనికి వాడుకుంటున్నాడని అడిగేవారు లేరు. పుదుచ్చేరిలో కారణం ముందే రాసిపెట్టి ఉంది, లబ్ధిదారూ ముందే ఖరారు. నాస్తికురాలైన ఉద్యోగిని, ఆదివారం చర్చికెళ్లే ఉద్యోగిని ఆ గంటలను ఏ పేరుతో తీసుకోవాలి? వృద్ధురాలైన తల్లిని చూసుకునే మగ ఉద్యోగి సంగతి అసలు లేనే లేదు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటిపై ఖర్చు చేస్తుంటే, అలాంటి పనులు చేసే పురుషులు 88 నిమిషాలే చేస్తున్నారు. ప్రభుత్వం రెండు గంటలిచ్చినప్పుడు ఆ 289 నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. వాటిని నింపాదిగా చేసుకునే అవకాశం మాత్రం వచ్చింది. ఇంటి పని ఆడవారిదేనన్న మాటకు ప్రభుత్వ ముద్ర కూడా పడింది. మహిళా సంఘాల నుంచి వచ్చిన అభ్యంతరాలు ఇలాంటివే.

అయినా తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆ రెండు గంటలు తీసుకున్న ఉద్యోగిని పూజే చేస్తుందో, కాసేపు పడుకుంటుందో ఎవరు చూడొచ్చారు?

చట్టం చూస్తే ఇంకా సన్నగా ఉంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 26 వారాలకు పెంచింది. పని స్వభావం అనుమతిస్తే, సెలవు తర్వాత ఇంటి నుంచి పని చేసే అవకాశాన్నీ ప్రస్తావించింది. కానీ అది యజమానీ ఉద్యోగినీ ఒప్పుకుంటేనే. యజమాని కాదంటే అడిగే హక్కు లేదు. తండ్రి మాట ఆ చట్టంలో లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన తొలి రోజే, ఆడా మగా తేడా లేకుండా, పని వేళల మార్పు కోరవచ్చు. యజమాని కాదనవచ్చు గానీ చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి చూపాలి.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామన్నారు. అక్కడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఇంటి నుంచి పని చేసే కోడలిని ఇంట్లోనే ఉందిగా అని మధ్యాహ్నం వంటకు పిలిచే ఇళ్లు తక్కువేమీ కాదు. శుక్రవారం ఆలస్యంగా వచ్చే ఉద్యోగిని బల్ల మీద ఫైళ్లూ తగ్గవు. వాటిని సాయంత్రం ఆమె పూర్తి చేయాలి, లేదా పక్క సీటులోని మరొకరు చూడాలి.